తరిగొండ వెంగమాంబ: గుడిలోంచి బయటికి లాగేసినా స్వామిని వదలని తల్లి



ముందుగా ఒక చిన్న ప్రశ్న. తిరుమల వెళ్ళి, గంటల తరబడి క్యూ కాంప్లెక్సులో కూర్చుని, దర్శనం చేసుకుని బయటికొచ్చాక ఆకలి దంచేస్తుంది కదా. అప్పుడు మనందరం వెళ్ళి భోజనం చేసే ఆ పెద్ద భవనం పేరేమిటి? నిత్యాన్నదానం అంటాం, అన్నప్రసాదం అంటాం. బోర్డు మీద ఉన్న పూర్తి పేరు మాత్రం చాలామందికి గుర్తుండదు. మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం. 2011లో మొదలైన ఆ భవనంలో రోజూ వేలమంది పక్కపక్కన కూర్చుని తింటారు. అక్కడ ఎవరినీ కులం అడగరు, ఊరు అడగరు, డబ్బు అడగరు.

ఆ పేరు ఒక బాలవితంతువుది. ఊరు వెలివేసినట్టు చూసిన, గుడిలోంచి పూజారి బయటికి లాగేసిన ఒక అమ్మాయిది. ఈ వారం వీడియో ఆవిడ గురించే. అందులో టైమ్ సరిపోక వదిలేసిన సంగతులు చాలా ఉన్నాయి. అవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ కథే ఎందుకు ఎంచుకున్నానంటే, మీరు నాకు పంపే మెసేజుల్లో ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంటుంది. ఉద్యోగం పోయింది. కుదిరిన పెళ్ళి ఆగిపోయింది. నాన్న మంచం పట్టారు. మూడోసారి కూడా పరీక్ష పోయింది. రోజూ దీపం పెడుతూనే ఉన్నాను కదా, మరి నాకే ఎందుకిలా? ఈ ప్రశ్నకి రెడీమేడ్ జవాబు నా దగ్గర లేదు. అంతా మన మంచికే అని చెప్పి తప్పుకోవడం నాకు ఇష్టం లేదు. నిజంగా దెబ్బ తిన్నవాళ్ళకి ఆ మాట పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది. అందుకే జవాబు బదులు ఒక జీవితం చెప్తాను. చదివాక మీకేం అనిపిస్తుందో మీరే చూసుకోండి.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆవిడ గురించి మనకి తెలిసినవాటిలో కొన్ని ఆవిడ రచనల వల్ల తెలిసినవి, కొన్ని భక్తులు తరతరాలుగా చెప్పుకుంటున్నవి. పెద్దలు చెప్పుకునే కథ వచ్చినప్పుడు అది కథేనని చెప్పే ముందుకు వెళ్తాను.

తరిగొండలో పుట్టిన పిల్ల

మదనపల్లె వైపు వెళ్ళినవాళ్ళకి గుర్రంకొండ కోట తెలిసే ఉంటుంది. ఆ గుర్రంకొండ మండలంలోనే ఉంది తరిగొండ. చిన్న ఊరు. ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. మజ్జిగ చిలికే కుండలో స్వామి దొరికాడని, ఆ తరికుండే తరిగొండ అయ్యిందని స్థలపురాణం చెబుతుంది.

ఆ ఊళ్ళో 1730లో కృష్ణయ్య, మంగమాంబ దంపతులకి పుట్టింది వెంగమాంబ. తిరుమల స్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఆయన పేరే పెట్టుకున్నారట. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకి గుడే లోకం. తోటి పిల్లలు గచ్చకాయలు ఆడుకునే వేళ ఈవిడ నరసింహస్వామి ముందు కూర్చుని పాడుకునేది. కూతురికి ఈ పిచ్చి ఏమిటని ఇంట్లో కంగారు పడ్డారు. పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయి అనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది! ఇంజేటి వేంకటాచలపతి అనే అబ్బాయికిచ్చి చిన్నతనంలోనే పెళ్ళి చేశారు.

కొద్దికాలానికే ఆ అబ్బాయి చనిపోయాడు. కాపురం అనేది ఏమిటో తెలియకముందే వెంగమాంబ విధవరాలైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. 18వ శతాబ్దంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో బాలవితంతువు అంటే ఏమిటో మనకి సినిమాల్లో చూసినంతే తెలుసు. తల గొరిగించాలి. బొట్టు, గాజులు, పూలు తీసేయాలి. శుభకార్యం జరిగే ఇంట్లో ఎదురు రాకూడదు. ఒంటిపూట భోజనం చేసి వెనక గదిలో బతకాలి. అదీ ఒక ఏడాదో రెండేళ్ళో కాదు, బతికినన్నాళ్ళూ. మళ్ళీ పెళ్ళి అన్న ఊసే లేదు. వితంతు వివాహాలకి చట్టం వచ్చింది 1856లో. మన వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. పంతులుగారు పుట్టేనాటికే వెంగమాంబ స్వామిలో కలిసి 31 ఏళ్ళు. అంటే ఆవిడ తరపున మాట్లాడే మనిషి గానీ, చట్టం గానీ, సంఘం గానీ ఆ కాలంలో లేవు.

మనకి ఒక దెబ్బ తగిలితే రేపు బాగుంటుందిలే అనుకునే వీలైనా ఉంటుంది. ఆవిడకి రేపు ఎలా ఉంటుందో ఊరంతా ముందే నిర్ణయించేసింది.

నా భర్త వేంకటేశ్వరుడే

వెంగమాంబ అక్కడ చేసిన పని ఊరిని నిలువునా కదిలించింది. తాను విధవని కానంది. తన భర్త వేంకటేశ్వరుడని, ఆయనకి చావు లేదని, కాబట్టి బొట్టు, గాజులు తీయాల్సిన పనే లేదని గట్టిగా నిలబడింది.

ఈ రోజుల్లో వింటే ఇది భక్తి పారవశ్యంలా అనిపించొచ్చు. నాకైతే అందులో గొప్ప ధైర్యం కూడా కనిపిస్తుంది. అందరూ కలిసి నీ జీవితం అయిపోయింది అని తేల్చేశాక, లేదు, నా జీవితం ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు అని ఒక ఆడపిల్ల ఒంటరిగా అనడం మాటలు కాదు. ఆవిడ దేవుణ్ణి నమ్మింది కాబట్టే ఊరి మాటని కాదనగలిగింది.

ఊరి పెద్దలు ఊరుకోలేదు. ఇక్కడే భక్తులు ఒక కథ చెప్పుకుంటారు. పుష్పగిరి పీఠాధిపతులు తరిగొండ వచ్చినప్పుడు పెద్దలు ఫిర్యాదు చేశారట. బలవంతంగా తల గొరిగించారట. ఆవిడ స్వామిని తలుచుకుని నీళ్ళలో మునిగి లేచేసరికి జుట్టంతా మునుపటిలాగే ఉందట. ఆ మహిమ నిజంగా ఎలా జరిగిందన్నది నమ్మేవాళ్ళ మనసుకి వదిలేద్దాం. కానీ ఆ కథని ఇన్ని తరాలు ఎందుకు చెప్పుకున్నారో నాకు అర్థమవుతుంది. ఆ పిల్లకి జరిగింది అన్యాయమని చెప్పుకున్నవాళ్ళకి తెలుసు. నోరు విప్పి పెద్దల్ని తప్పు పట్టలేనివాళ్ళు, స్వామే ఆవిడ పక్షాన నిలబడ్డాడని కథగా చెప్పుకున్నారు.

గురువు దగ్గరికి వెళ్ళింది

ఈ సంగతి వీడియోలో రెండే ముక్కల్లో చెప్పాను. నిజానికి చాలా ముఖ్యమైనది. ఇంత జరిగాక వెంగమాంబ గదిలో తలుపేసుకుని కూర్చోలేదు. మదనపల్లెలో ఉన్న రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి గారి దగ్గర ఉపదేశం తీసుకుంది. యోగం నేర్చుకుంది. ధ్యానం సాధన చేసింది. తర్వాత కాలంలో ఆవిడ రాసిన రాజయోగసారం లాంటి గ్రంథాలకి పునాది ఇక్కడే పడింది.

అంటే కష్టం వచ్చినప్పుడు దేవుడు చూసుకుంటాడని చేతులు ముడుచుకోలేదు, నేర్పించే మనిషిని వెతుక్కుంది. మనసు కుంగిపోయినప్పుడు ఎవరి దగ్గరికైనా వెళ్తే విశ్వాసం లేనట్టు అని కొంతమంది అనుకుంటారు. అలాంటిదేం లేదండీ. నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలనే లేదు అనిపించే స్థితిలో ఉంటే ఇంట్లో చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. దీపం పెట్టుకునే వెళ్ళండి. రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

గుడిలోంచి గెంటేసిన రోజు

తరిగొండ గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనకాల ఒక మూల ఉండేది. వెంగమాంబ అక్కడ కూర్చుని గంటల కొద్దీ ధ్యానం చేసుకునేది. పైగా రాయడం మొదలుపెట్టింది. తరిగొండ నృసింహ శతకం, యక్షగానాలు, ద్విపదలు అక్కడ ఉన్న రోజుల్లోనే మొదలయ్యాయి.

ఒకరోజు గుడి పూజారి ఆవిడని అక్కడ చూశాడు. విధవరాలు గుడిలో కూర్చోవడమేమిటని కోపంతో ఊగిపోయాడు. ఆవిడని జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేశాడని చెబుతారు.

ఆలోచించండి. భర్త పోయాడు, ఓర్చుకుంది. ఊరు మాటలంది, ఓర్చుకుంది. ఆవిడకి మిగిలింది ఆ గుడిలో ఒక మూల, అంతే. అది కూడా లాగేసుకున్నారు. అదీ దేవుడి పేరు చెప్పి! మనలో చాలామందికి నమ్మకం పోయేది సరిగ్గా ఇలాంటి చోటే. బయటివాళ్ళు కొడితే తట్టుకుంటాం. దేవుడి మనుషులమని చెప్పుకునేవాళ్ళు అవమానిస్తే, ఆ దేవుడి మీదే విరక్తి పుడుతుంది. గుడిలో ఎదురైన ఒక్క చేదు అనుభవంతో గుడికి వెళ్ళడమే మానేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళని నేను తప్పు పట్టను.

వెంగమాంబ ఆ ఊరు విడిచిపెట్టింది. కానీ ఆ ఊరి స్వామిని విడిచిపెట్టలేదు. దీనికి సాక్ష్యం ఆవిడ పుస్తకాల్లోనే ఉంది. ఆ తర్వాత ఆవిడ జీవితమంతా తిరుమలలోనే గడిచింది. రాసింది వేంకటేశ్వరుడి సన్నిధిలోనే. అయినా చివరిదాకా తన రచనల్లో తరిగొండ నృసింహుణ్ణి తలుస్తూనే ఉంది, తరిగొండ నృసింహుడూ వేంకటేశ్వరుడూ ఒక్కరేనని భావించి కృతులు అంకితమిచ్చింది. ఏ గుడిలోంచి తనని ఈడ్చేశారో, ఆ గుడి దేవుడి పేరునే నెత్తిన పెట్టుకుంది.

పూజారి వేరు, స్వామి వేరు. ఒక మనిషి చేసిన అవమానాన్ని స్వామి ఖాతాలో రాయలేదావిడ. నాకు ఈ జీవితంలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

కొండ ఎక్కింది

తరిగొండ నుంచి తిరుమల దాదాపు వంద కిలోమీటర్లు. ఇవాళ కారెక్కితే పూట కూడా పట్టదు. కొండ మీదికి మొదటి ఘాట్ రోడ్డు వేసింది 1944లో. ఆవిడ కాలంలో అడవి దారిన నడిచి వెళ్ళడమే. అదీ పాలెగాళ్ళ గొడవలు, నవాబుల యుద్ధాలతో రాయలసీమ అట్టుడుకుతున్న రోజులు. ఒంటరి ఆడది, చేతిలో డబ్బు లేదు, అక్కడ తెలిసినవాళ్ళు లేరు.

తిరుమలలో కొంతమంది ఆవిడని ఆదరించారు. తాళ్ళపాక అన్నమాచార్యుల వంశంవాళ్ళు ఆశ్రయమిచ్చారని చెబుతారు. తులసివనం పెంచుకుంటూ, రాసుకుంటూ, స్వామిని సేవించుకుంటూ ఉండేది. హమ్మయ్య, కథ సుఖాంతం అనుకుంటాం కదా? కాదు. కొండ మీద కూడా కష్టాలు వెంటపడ్డాయి.

పక్కింట్లో ఉండే ఒక అర్చకుడు ఎంగిలి విస్తళ్ళు తెచ్చి ఆవిడ పెరట్లో పారేయించేవాడని ఒక కథ. రాత్రిళ్ళు ఆవిడ స్వామికి ముత్యాలతో హారతి ఇచ్చేదని, పొద్దున్నే తలుపులు తీస్తే గర్భగుడిలో ముత్యాలు కనబడ్డాయని, దాంతో ఆవిడ మీద అనుమానం పడ్డారని ఇంకో కథ. ఏదేమైనా ఆవిడ మనుషులకి దూరంగా తుంబురు కోనకి వెళ్ళిపోయింది.

మీలో ట్రెకింగ్ అలవాటున్నవాళ్ళకి తుంబురు తీర్థం తెలిసే ఉంటుంది. పాపవినాశనం దాటి శేషాచలం అడవిలోకి వెళ్ళాలి. ఫాల్గుణ పౌర్ణమికి అక్కడ ముక్కోటి జరుగుతుంది, అప్పుడు భక్తులు గుంపులుగా నడిచి వెళ్తారు. రెండు పెద్ద కొండచరియల మధ్య సన్నటి లోయ, కింద నీళ్ళు. పది మంది కలిసి పగలు వెళ్తేనే భయంగా ఉండే చోటు. వెంగమాంబ అక్కడ ఏళ్ళ తరబడి తపస్సు చేసింది.

అప్పటికి ఆవిడ లెక్క చూడండి. భర్త లేడు. పుట్టిన ఊరు లేదు. ఊరి గుడి లేదు. ఆశ్రయం దొరికిన చోట కూడా నిలవనివ్వలేదు. మనం అయితే ఇక చాలు అనుకునే చోటు ఇది. నాకైనా అంతే.

మళ్ళీ మొదలుపెట్టింది

తుంబురు కోన నుంచి వెంగమాంబ మళ్ళీ తిరుమలకి వచ్చింది. వచ్చి మూడు పనులు పెట్టుకుంది.

ఒకటి, రాయడం. చిన్నప్పుడు గురువు దగ్గర ఓనమాలు కూడా దిద్దుకోలేదని, రాయించింది స్వామేనని తన వేంకటాచల మాహాత్మ్యంలో ఆవిడే వినయంగా చెప్పుకుంది. అలాంటి మనిషి పేరున ఇవాళ దాదాపు 18 రచనలు లెక్క చెబుతారు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, విష్ణుపారిజాతం, ముక్తికాంతా విలాసం, యక్షగానాలు, తత్త్వకీర్తనలు. శ్రీనివాసుడు కొండకి రావడం, పద్మావతితో కల్యాణం మన అమ్మమ్మలు కథగా చెప్పేవాళ్ళు కదా, ఆ కథని తెలుగు ఇళ్ళకి చేర్చిన పుస్తకాల్లో ఆవిడ వేంకటాచల మాహాత్మ్యం ముందు వరసలో ఉంటుంది. పండితుల కోసమే రాయలేదావిడ. ద్విపద అంటే నోటితో పాడుకునేది. యక్షగానం అంటే ఊళ్ళో ఆడేది. చదువు రాని ఆడవాళ్ళకి కూడా చేరే దారులు ఎంచుకుంది. ఆవిడ రచనల్ని తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించింది.

రెండు, హారతి. శ్రీవారి ఆలయంలో రోజు మొదలయ్యేది సుప్రభాతంతో అని అందరికీ తెలుసు. రోజు ముగిసేది ఏకాంతసేవతో. రాత్రి స్వామిని పవళింపజేసేటప్పుడు అన్నమయ్య లాలిపాట ఉంటుంది, తరిగొండ వెంగమాంబ ముత్యాల హారతి ఉంటుంది. ఆ హారతి తర్వాతే తలుపులు వేస్తారు. ఒకప్పుడు గర్భగుడిలో ముత్యాలు కనబడ్డాయని ఎవరిని అనుమానించారని చెప్పుకుంటారో, ఆవిడ పేరు మీద ఇవాళ ముత్యాల హారతి నిత్యసేవ అయింది.

మూడు, అన్నం పెట్టడం. కొండ ఎక్కి అలసిపోయి వచ్చిన యాత్రికులకి మంచినీళ్ళు, అన్నం. నృసింహ జయంతి రోజుల్లో ప్రత్యేకంగా అన్నదానం చేసేది. అప్పుడు కొండ మీద హోటళ్ళు లేవు, క్యాంటీన్లు లేవు. అడవి దారిన నడిచి వచ్చినవాళ్ళ ఆకలి ఎలా ఉంటుందో ఆవిడకి స్వయంగా తెలుసు. ఒకరోజు తానూ అలాగే వచ్చింది కదా.

ఈ మూడు పనులూ చూస్తే నాకు ఒకటి అనిపిస్తుంది. తనకి ఏది దొరకలేదో, అదే ఇతరులకి ఇచ్చింది. తనకి చదువు చెప్పలేదు, తాను చదువు రానివాళ్ళకి కూడా అందే పుస్తకాలు రాసింది. తనని గుడిలో ఉండనివ్వలేదు, తాను స్వామికి రోజూ చివరి హారతి ఇచ్చింది. తనని ఎవరూ రమ్మని పిలవలేదు, తాను వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టింది.

1817లో, 87 ఏళ్ళ వయసులో, తిరుమలలోనే ఆవిడ స్వామిలో ఐక్యమైంది. కొండ మీదే ఆవిడ బృందావనం ఉంది. ఇప్పుడది ఒక హైస్కూలు ఆవరణలో ఉంది. పిల్లలు ఆ పక్కనే తిరుగుతూ చదువుకుంటుంటారు. ఓనమాలు దిద్దని తల్లి పక్కన రోజూ పాఠాలు! ఈసారి తిరుమల వెళ్తే ఆలయానికి ఉత్తరం వైపు అడిగి వెళ్ళండి. రెండు నిమిషాలు కూర్చోండి.

ఆవిడకి ఏం తిరిగి రాలేదు?

ఇక అసలు విషయానికి వస్తాను. భక్తుల కథలు వినేటప్పుడు మనం ఒకటి ఎదురుచూస్తాం. కష్టాలు పడ్డారు, నమ్మారు, చివరికి పోయిందంతా రెట్టింపు తిరిగొచ్చింది అని. వెంగమాంబ కథలో అది లేదు. భర్త తిరిగి రాలేదు. పుట్టింటి బతుకు తిరిగి రాలేదు. తరిగొండ గుడిలోని ఆ మూల మళ్ళీ ఆవిడది కాలేదు. అవమానించినవాళ్ళు వచ్చి కాళ్ళ మీద పడ్డారో లేదో గానీ, పోయిన ఏళ్ళు మాత్రం తిరిగి రావు.

మరి నమ్మకం ఏం చేసింది? ప్రతిసారీ మళ్ళీ మొదలుపెట్టగల బలం ఇచ్చింది. ఒక చోట గెంటేస్తే ఇంకో చోట కూర్చుని అదే ధ్యానం. అక్కడా కుదరకపోతే కోనలో అదే ధ్యానం. చోటు మారింది, మనుషులు మారారు, సేవ మారలేదు. రేపు అన్నీ బాగవుతాయని గ్యారంటీ దొరికాక ఆవిడ దీపం వెలిగించలేదు. రేపటి సంగతి తెలియకుండానే ఇవాళ్టి దీపం వెలిగించింది. ఆశ అంటే ఇదేనని నాకు అర్థమైంది.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్తాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసే కంపెనీలో ఒకేరోజు చాలామందిని తీసేశారు. అందులో నేనూ ఉన్నాను. ఇంటి అద్దె, ఈఎంఐ, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు. పొద్దున లేవగానే మెయిల్ చూసుకోవడం, రాత్రి దాకా కుంగిపోవడం. ఆ నెలల్లో నేను పట్టుకున్నది ఒక్కటే అలవాటు. సాయంత్రం ఆరున్నరకి దీపం పెట్టి, వేంకటాచల మాహాత్మ్యంలోంచి ఒక పేజీ నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకోవడం. దానివల్ల ఉద్యోగం వచ్చిందని నేను చెప్పను. ఉద్యోగం అప్లికేషన్లు పెడితే వచ్చింది, అదీ మునుపటికంటే తక్కువ జీతానికి. కానీ రోజుకి ఒక పని చేశాను అనిపించేది. మర్నాడు అప్లికేషన్లు పెట్టడానికి కావలసిన ఓపిక ఆ అరగంట నుంచే వచ్చేది. మనుషులు నన్ను వద్దనుకున్న రోజుల్లో కూడా, సాయంత్రం ఆరున్నరకి నన్ను కాదనని చోటు ఒకటి ఉండేది.

మీరు చేయగలిగినవి

పెద్ద పెద్ద దీక్షలు చెప్పను. మీరున్న హాస్టల్ గదిలోనో, షేరింగ్ ఫ్లాట్‌లోనో కుదిరేవే చెప్తాను.

1. రోజూ ఒకే టైమ్‌కి ఒక చిన్న సేవ పెట్టుకోండి. దీపం కావచ్చు, గోవింద నామాలు కావచ్చు, ఒక పేజీ రాయడం కావచ్చు. ఐదు నిమిషాలు చాలు. రోజు ఎంత చెడ్డగా గడిచినా అది మాత్రం ఆపకండి.

2. దేవుడి పేరు చెప్పి మిమ్మల్ని బాధపెట్టినవాళ్ళని, దేవుణ్ణి వేరువేరుగా చూడండి. ఆ గుడికి వెళ్ళబుద్ధి కాకపోతే వెళ్ళొద్దు. స్వామిని మాత్రం మీ గదిలో పెట్టుకోండి.

3. మీకు దేని లోటు ఉందో, అది ఇంకొకరికి కొంచెం ఇవ్వండి. ఇంటర్వ్యూలు పోతున్నాయా? జూనియర్‌కి మాక్ ఇంటర్వ్యూ చేయండి. ఒంటరిగా ఉందా? మీకంటే ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళకి ఒక ఫోన్ చేయండి. వెంగమాంబ చేసింది ఇదే.

4. ఒంటరిగా మోయొద్దు. ఆవిడకి గురువు ఉన్నారు, ఆశ్రయం ఇచ్చినవాళ్ళు ఉన్నారు. మీకూ ఎవరో ఉంటారు, అడగండి.

1985లో తిరుమలలో దేవస్థానం నిత్యాన్నదానం మొదలుపెట్టింది. అప్పటి నుంచి అక్కడ భోజనం చేసినవాళ్ళు ఎన్ని కోట్లమందో! వాళ్ళలో భర్త పోయినవాళ్ళు, పిల్లలు దూరమైనవాళ్ళు, వ్యాపారంలో మునిగిపోయినవాళ్ళు, ఆపరేషన్ ముందు మొక్కు చెల్లించడానికి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు! వాళ్ళందరికీ ఇవాళ ఆ తల్లి పేరు మీదే వేడి వేడి అన్నం వడ్డిస్తున్నారు. మీరు నిలబెట్టుకున్న చిన్న పని ఎక్కడిదాకా వెళ్తుందో మీకు కనిపించకపోవచ్చు. తుంబురు కోనలో ఒంటరిగా కూర్చున్న రోజున ఆవిడకీ కనిపించలేదు.

ఈసారి అక్కడ కూర్చుని విస్తట్లో మొదటి ముద్ద కలుపుకునేటప్పుడు ఒక్క క్షణం ఆవిడని తలుచుకోండి. ఇప్పుడు కష్టంలో ఉన్న మీ ఫ్రెండ్ ఎవరైనా గుర్తొస్తే ఈ పోస్ట్ వాళ్ళకి పంపండి. సలహాలేం ఇవ్వక్కర్లేదు, ఊరికే పంపండి చాలు.

వచ్చే వారం ఇంకో భక్తుడి జీవితంతో కలుద్దాం. అంతవరకూ సాయంత్రం దీపం మాత్రం మరిచిపోకండి.

గోవిందా గోవింద!